దిద్దేవాళ్లు లేని ప్రాక్టికల్ చదువు

చెన్నైలో విజువల్ కమ్యూనికేషన్, జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ కోర్సులు నడిపే కళాశాలల ప్రవేశ ప్రకటనల్లో కొన్నేళ్లుగా ఒకే హామీ పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. పరిశ్రమతో ఒప్పందాలున్నాయనీ, పనిలో ఉన్న నిపుణులే వచ్చి పాఠాలు చెబుతారనీ, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అనీ, చదువు పూర్తయ్యేసరికి విద్యార్థి ఉద్యోగానికి సిద్ధంగా ఉంటాడనీ ఆ హామీ సారాంశం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ చేర్పించే తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఆ హామీని నమ్మే ఫీజు కడుతున్నారు. నేను ఒక తెలుగు దినపత్రిక చెన్నై ఎడిషన్ డెస్కులో, అంటే వార్తలు దిద్దే విభాగంలో, సబ్ ఎడిటర్‌గా, తర్వాత ఒక ప్రకటనల సంస్థలో తెలుగు కాపీ రైటర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఒక కళాశాలలో అతిథి అధ్యాపకురాలిగా విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) విద్యార్థులకు రాత, ఎడిటింగ్ నేర్పుతున్నాను. చదువును పరిశ్రమతో కలపాలన్న ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అందుకే ఆ ప్రకటనల్లో ఎక్కడా కనిపించని ఒక ప్రశ్నను ఇక్కడ ముందుపెడుతున్నాను. విద్యార్థి చేసిన పనిని దిద్దేది ఎవరు?

దిద్దడమంటే అక్షరదోషాలు సరిచేయడం ఒక్కటే అనుకోకూడదు. రాసిన వార్తకు, తీసిన వీడియోకు, తయారుచేసిన ప్రకటనకు రేపు జవాబు చెప్పుకోవలసిన మనిషి, అది బయటికి వెళ్లకముందే కూర్చుని చదివి, ఈ మాటకు ఆధారం ఏమిటి, ఈ పేరు సరిచూశావా, ఇది ఎవరి కోసం రాశావు, వాళ్లకు అర్థమవుతుందా అని అడిగి, సమాధానం రాకపోతే వెనక్కి ఇచ్చి మళ్లీ రాయించడం దిద్దడం. స్ట్రింగర్ (ఊళ్ల నుంచి వార్తలు పంపే పార్ట్‌టైమ్ విలేఖరి) పంపిన వార్త పేజీలోకి ఎక్కేలోపు డెస్కులో జరిగేది ఇదే. ప్రకటనల సంస్థలో క్లయింటు దగ్గరికి కాపీ, అంటే ప్రకటనలోని రాత, వెళ్లేలోపు జరిగేదీ ఇదే. పరిశ్రమ నుంచి కళాశాల తెచ్చుకోవలసిన వాటిలో అన్నింటికంటే విలువైనది ఈ అలవాటు. మన కోర్సులు మాత్రం దీన్ని గుమ్మం బయటే వదిలేసి, కెమెరాలను, సాఫ్ట్‌వేర్లను, నిపుణుల ఫోటోలను లోపలికి తెచ్చుకుంటున్నాయి.

సాఫ్ట్‌వేర్ సంగతి ముందు చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దాని గురించి వాదించవలసింది తక్కువ. చాలా కళాశాలల్లో ప్రాక్టికల్ పేపర్ అంటే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ పేరు. ఒకప్పుడు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ నేర్పారు, దాని చివరి వెర్షన్ 2001లో వచ్చింది. ఆనిమేషన్ కోసం ఫ్లాష్‌ను ఏళ్ల తరబడి సిలబస్‌లో ఉంచారు, 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది. తెలుగు డీటీపీలో అను ఫాంట్లతో వేగంగా టైపు చేయడమే పెద్ద నైపుణ్యంగా చెలామణీ అయిన కాలాన్ని నేను దగ్గరగా చూశాను. వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు వచ్చి ఏ తెర మీదైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు తప్పనిసరి అయ్యాక ఆ నైపుణ్యం ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. పనిముట్టు నేర్పవద్దని నేననను. నేర్పి తీరాలి. కానీ మూడేళ్ల చదువును పనిముట్టు మీదే కట్టిన కోర్సుకు పరిశ్రమతో సంబంధం ఉందని చెప్పలేం. ఆ సంబంధం సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీతో మాత్రమే.

ఈ నగరంలో తెలుగువాళ్లు రాత పని నేర్చుకున్న చరిత్ర ఒకటి ఉంది, దాన్ని తలచుకోవడం ఈ చర్చకు అవసరం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. 1938లో ఆంధ్రప్రభ ఇక్కడే పుట్టింది, 1942 నుంచి 1959 వరకు నార్ల వెంకటేశ్వరరావుగారు దానికి సంపాదకులు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామ ప్రారంభించారు. ఆ కథల భాషను కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి కన్నుమూసే దాకా, అంటే 1980 వరకు తీర్చిదిద్దారు. ఆ కాలంలో ఆ గదుల్లోకి ప్రవేశించిన కుర్రవాళ్లలో చాలామందికి జర్నలిజం డిగ్రీ లేదు, డెస్కే వాళ్లకు బడి. రాసిన కాగితం పెద్దవాళ్ల చేతిలోకి వెళ్లి, కొట్టివేతలతో తిరిగి వచ్చేది. వాక్యం ఎందుకు కొట్టేశారో అడిగి తెలుసుకున్నవాడు నిలిచాడు, తెలుగు వచనం ఈనాటి రూపానికి రావడంలో ఆ కొట్టివేతలకు పెద్ద పాత్ర ఉంది.

అయితే ఆ బడిని ఆదర్శంగా చూపించి కళాశాలలను తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. డెస్కు తలుపు అందరికీ తెరుచుకోలేదు. తెలిసినవాళ్ల సిఫారసు, పుట్టిన కులం, పట్నంలో ఉండటానికి ఒక చుట్టం ఇల్లు, రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా ఇంటికి నడిచి వెళ్లగలిగే వెసులుబాటు, ఇవన్నీ ఉన్నవాళ్లకే ఆ దిద్దుబాటు దక్కింది. స్త్రీలకు, దళితులకు, ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లకు ఈ రంగంలోకి దారి వేసింది విశ్వవిద్యాలయాల్లోని జర్నలిజం శాఖలూ కళాశాలలూ. ఉస్మానియాలో 1954లో జర్నలిజం శాఖ మొదలైన తర్వాత తెలుగు పత్రికల్లోకి వచ్చిన మనుషుల నేపథ్యం విస్తరించింది. కాబట్టి డెస్కులో దొరికిన దిద్దుబాటు, కళాశాలలో దొరికిన ప్రవేశం రెండూ ఒకే చోట దొరికేలా చేయడమే పరిశ్రమతో ముడిపడిన కోర్సు లక్ష్యమని నేను భావిస్తాను. పత్రికా సంస్థలు సొంతంగా నడిపే పాఠశాలలు కొంతవరకు దీన్ని సాధించాయి. ఈనాడు జర్నలిజం స్కూలు శిక్షణ కాలంలో భృతి కూడా ఇస్తుంది. ఆ పాఠశాలల్లో దిద్దుబాటు నికార్సుగా ఉంటుంది, ఎందుకంటే రేపు ఆ విద్యార్థి తప్పు వాళ్ల పేజీలోనే పడుతుంది. కానీ అవి ఒక సంస్థ అవసరానికి, ఒక సంస్థ శైలికి మనిషిని తయారుచేస్తాయి. డిగ్రీ కోర్సు బాధ్యత అంతకంటే విశాలమైనది.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఆంధ్రపత్రిక పుట్టిన ఆ 1908లోనే అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో వాల్టర్ విలియమ్స్ జర్నలిజం పాఠశాల ప్రారంభించాడు. తరగతులు మొదలైన సెప్టెంబరు 14నే విద్యార్థులు తయారుచేసే పత్రిక తొలి సంచిక వెలువడింది. అది కళాశాల గోడపత్రిక కాదు, ఊరి జనం చదివే పత్రిక. విద్యార్థులు విలేఖరులు, అధ్యాపకులు సంపాదకులు. మన సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మద్రాస్ మెడికల్ కాలేజీ విద్యార్థులు నేర్చుకునే పద్ధతి లాంటిదే ఇది. రోగి నిజం, రోగం నిజం, విద్యార్థి చేయి వేసే ముందు పక్కన నిలబడి చూసే పెద్ద డాక్టరు బాధ్యత నిజం. ఆ పెద్ద డాక్టరును తీసేసి, విద్యార్థిని వార్డులో వదిలి, నెల రోజుల తర్వాత సర్టిఫికెట్ చేతికిస్తే దాన్ని వైద్యవిద్య అని ఎవరూ ఒప్పుకోరు. కమ్యూనికేషన్ చదువులో మనం సరిగ్గా దాన్నే ఇంటర్న్‌షిప్ అంటున్నాం.

చెన్నైకి ఈ విషయంలో గర్వించదగిన ఉదాహరణ ఉంది. 2004 ఫిబ్రవరి 1న అన్నా విశ్వవిద్యాలయం ఆవరణలో అన్నా ఎఫ్ఎం మొదలైంది, దేశంలో మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో అది. విద్యాసంస్థలు రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం అనుమతించిన రెండేళ్లలోపే వచ్చింది. కమ్యూనిటీ రేడియోకు సాధారణంగా అనుమతించేది 100 వాట్ల ప్రసార శక్తి, అంటే చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్లు. ఆ చిన్న పరిధే దాని బలం. కార్యక్రమంలో తప్పు చెబితే వినేవాళ్లు పక్క వీధిలోనే ఉంటారు, వచ్చి అడుగుతారు. విద్యార్థికి శ్రోత ముఖం తెలుస్తుంది. ఇంత వసతి ఉన్న కళాశాలలు మరికొన్ని ఈ నగరంలో ఉన్నా, చాలా చోట్ల స్టూడియో అంటే పరీక్షకు ముందు వారం తాళం తీసే గది. అక్కడ రికార్డు చేసిన బులెటిన్‌ను మార్కులు వేసే అధ్యాపకుడు తప్ప మరెవరూ వినరు. వినేవాడు లేని బులెటిన్‌ను ఎంత శ్రద్ధగా దిద్దినా, ఆ దిద్దుబాటు విద్యార్థికి వ్యాకరణ నియమంలాగే కనిపిస్తుంది, అవసరంగా కనిపించదు.

మా తరగతిలో చేసిన ఒక అభ్యాసం గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం జలాశయం నుంచి విడుదల 29,000 క్యూసెక్కులకు చేరిన తర్వాత అడయారు నది ఒడ్డున సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోట్టూర్‌పురం ఎలా మునిగాయో చెన్నైవాసులందరికీ గుర్తుంది. ఆ పేటల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. నగర పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, భవన నిర్మాణానికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో తమిళ ప్రకటన చదవలేనివాళ్లు, తెలుగు కూడా చదవలేనివాళ్లు ఉంటారు. అందుకని విద్యార్థులకు ఇచ్చిన పని ఇది: నీటి విడుదల గురించి అధికారులిచ్చే నోటీసు లాంటి సమాచారాన్ని తీసుకుని, ఆ కుటుంబాలకు ఫోనులో వినిపించగలిగే అరనిమిషం తెలుగు సందేశం తయారుచేయాలి. దిద్దడానికి ఒక దినపత్రికలో చీఫ్ సబ్ ఎడిటర్‌గా పదవీ విరమణ చేసిన పెద్దాయన్ని పిలిచాను.

మొదటి ప్రతులు దాదాపు అన్నీ ఒకేలా వచ్చాయి. జలాశయం నుంచి మిగులు జలాలు విడుదల చేయనున్నందున లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెనని కోరడమైనది అని. ఆయన ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. లోతట్టు ప్రాంతం అంటే ఏ వీధి? తాము లోతట్టులో ఉన్నామని ఆ ఇంటామెకు ఎలా తెలుస్తుంది? అప్రమత్తంగా ఉండటమంటే మేలుకుని కూర్చోవడమా, బియ్యం అటక మీద పెట్టుకోవడమా, ఇల్లు వదిలి వెళ్లడమా? ఇది విన్న మనిషి కదలాలా వద్దా? ఒక అమ్మాయి 29,000 క్యూసెక్కులంటే ఎంతో లెక్క వేసి, సెకనుకు ఎనిమిది లక్షల లీటర్లకు పైగా అని రాసింది. లెక్క సరైనదే. ఆ అంకె విని ఎవరైనా ఏ పని చేస్తారమ్మా అని ఆయన అడిగారు. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, అంకె తీసేసి, వంతెన పేరు పెట్టి, నీళ్లు ఆ వంతెన అంచుకు రావచ్చు అని మార్చింది. రావచ్చు అని నీకెవరు చెప్పారు అని మళ్లీ వెనక్కి వచ్చింది ఆ ప్రతి.

రెండో ప్రతిని పట్టుకుని సైదాపేటకు వెళ్లి, అక్కడి మనుషులకు వినిపించి రమ్మన్నాం. కార్పొరేషన్‌లో ఊడ్చే పనిచేసే ఒకామె విని, నీళ్లు ఎన్ని గంటలకు మా వీధికి వస్తాయి, అది చెప్పలేదేం అని అడిగిందట. తరగతి మొత్తం ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఆ సమాచారం నోటీసులో ఉండదు. దాని కోసం ఇంజనీరును అడగాలి, అడగడానికి ముందు జలాశయం నుంచి నది ఏ దారిన వస్తుందో మ్యాపు మీద చూసి ఉండాలి. కాపీ రాయడం, రిపోర్టింగ్, భాష, నీతి వేర్వేరు పేపర్లుగా చదువుకున్న విద్యార్థులకు అవన్నీ ఒకే అరనిమిషంలో ఉంటాయని ఆ రోజు తెలిసింది. ఖచ్చితమైన వేళ తెలియనప్పుడు ఏం చెప్పాలన్న దాని మీదే తర్వాతి క్లాసంతా నడిచింది. సమయం తెలియదు కాబట్టి చీకటి పడకముందే కదలమని చెప్పడమే సరైనదని చివరికి వాళ్లే తేల్చారు. సిలబస్‌లో ఈ పాఠానికి పేరు లేదు. దీనికైన ఖర్చు పెద్దాయనకు ఇచ్చిన గౌరవ వేతనం, విద్యార్థుల బస్సు చార్జీలు.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్ దగ్గరికి వస్తాను. విద్యార్థులు తిరిగొచ్చాక సమర్పించే డైరీలను నేను శ్రద్ధగా చదువుతాను. చాలా డైరీల్లో సోషల్ మీడియా పోస్టులు చేశాను, వీడియోలకు క్యాప్షన్లు పెట్టాను, మీటింగుకు హాజరయ్యాను అనే వాక్యాలే పేజీల కొద్దీ ఉంటాయి. ఆ పోస్టును ఎవరైనా చూశారా, ఏం మార్చమన్నారు అంటే సమాధానం ఉండదు. ఎవరూ ఏమీ మార్చమనలేదు, వేసేశారు. కోడంబాక్కంలో డబ్బింగ్ రచయిత దగ్గర పనిచేసిన ఒక కుర్రవాడి డైరీ మాత్రం వేరుగా ఉంది. ప్రతి డైలాగుకూ మొదట రాసినది, దిద్దినది, ఎందుకు దిద్దారో మూడూ ఉన్నాయి. తెర మీద నటుడి పెదవులు కలిసినచోట ప, బ, మ లాంటి అక్షరం పడాలనీ, పడకపోతే ప్రేక్షకుడికి ఏదో తేడా తెలిసిపోతుందనీ, ఆ అక్షరం కోసం అర్థాన్ని వంచకూడదనీ ఆ కుర్రవాడు నేర్చుకుని వచ్చాడు. అది చిన్న స్టూడియో, మా కళాశాలతో దానికి ఏ ఒప్పందమూ లేదు. పేరున్న సంస్థతో సంతకాలైన ఒప్పందం కంటే రోజుకు అరగంట కూర్చుని దిద్దే ఒక మనిషి విలువ ఎక్కువ అని చెప్పడానికి నాకు ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

జీతం సంగతి కూడా దిద్దుబాటుతో ముడిపడినదే. డబ్బు ఇవ్వని చోట ఇంటర్న్ చేసిన పనికి విలువ కట్టేవాళ్లు ఉండరు, విలువ కట్టని పనిని శ్రద్ధగా దిద్దేవాళ్లూ తక్కువే. సూళ్లూరుపేట నుంచి రోజూ సబర్బన్ రైల్లో వచ్చి చదువుకునే అమ్మాయి రెండు నెలలు ఉచితంగా పనిచేయడానికి తిరువాన్మియూర్‌లో హాస్టల్ తీసుకునే స్థితిలో ఉండదు, చివరి రైలు దాటేదాకా ఎడిటింగ్ గదిలో ఉండే వీలూ లేదు. ఆ అవకాశం నగరంలో సొంత ఇల్లున్న విద్యార్థికి వెళ్తుంది. డెస్కు కాలంలో మూసుకున్న తలుపును మనమే మళ్లీ, కోర్సులో తప్పనిసరి భాగంగా పెట్టి మరీ మూస్తున్నాం.

దీనికి చట్టంలో దారి ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 2014లో సవరించి ఇంజనీరింగేతర పట్టభద్రులను కూడా అందులో చేర్చారు. 2019లో సవరించిన నియమాలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల భృతి నిర్ణయించాయి, ముప్పై మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం విధిగా చేశాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద సంస్థ చెల్లించే కనీస భృతిలో కొంత భాగాన్ని కేంద్రం తిరిగి ఇస్తుంది. ఈ పథకాన్ని దక్షిణాది రాష్ట్రాల్లో నడిపే ప్రాంతీయ మండలి కార్యాలయం తరమణిలో, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్న ఆవరణలోనే ఉంది. ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం కూడా ఆ చుట్టుపక్కలే. అయినా నేను మాట్లాడిన విస్కామ్ విద్యార్థుల్లో ఆ కార్యాలయం పేరు విన్నవాళ్లు దాదాపు లేరు. మెకానికల్ విద్యార్థికి సహజంగా తెలిసిన ఈ సంగతిని మీడియా విద్యార్థికి చెప్పవలసిన బాధ్యత కళాశాల ప్లేస్‌మెంట్ విభాగానిది. ఇంటర్న్ అనే పేరుకు చట్టంలో లేని రక్షణ అప్రెంటిస్ అనే పేరుకు ఉంది.

నిపుణులను తరగతికి తీసుకురావడం మీద నాకున్న అభిప్రాయం కూడా ఇలాంటిదే. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు ఇచ్చింది. పీహెచ్‌డీ లేకపోయినా కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లను, మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకుండా తీసుకోవచ్చంది. మంచి నిర్ణయం. ఆచరణలో ఎక్కువగా జరుగుతున్నది మాత్రం ఒక ప్రముఖుడు వచ్చి గంటసేపు తన ప్రయాణం చెప్పడం, శాలువా కప్పించుకోవడం, ఫోటో దిగడం. విద్యార్థులు చప్పట్లు కొడతారు, ఉత్సాహపడతారు, వారం తర్వాత వాళ్ల రాతలో ఏ మార్పూ ఉండదు. ఆ గంటను నేను తక్కువ చేయడం లేదు. కానీ అదే గౌరవ వేతనంతో ఒక మామూలు సీనియర్ సబ్ ఎడిటర్‌ను, వీడియో ఎడిటర్‌ను సెమిస్టరంతా వారానికో సాయంత్రం పిలిపించుకోవచ్చు. పేరున్నవాళ్ల కంటే ఓపికున్నవాళ్లు కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నా వాదన ఒంటికాలి మీద నిలుస్తుంది. పరిశ్రమ నేర్పేవన్నీ నేర్చుకోవలసినవి కావు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేసిన తీరును మొదట బయటపెట్టినవాళ్లలో ఆంధ్రప్రదేశ్ జర్నలిస్టుల సంఘం ఉంది. ఆ విషయం మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలోని ఇద్దరు సభ్యులు పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డిగారు. 2010లో వాళ్లు పేర్లతో సహా ఇచ్చిన పూర్తి నివేదికను బయటికి తేవడానికి సమాచార హక్కు చట్టం కింద పోరాడవలసి వచ్చింది. ఆ కాలంలో ఇంటర్న్‌గా వెళ్లిన విద్యార్థి పనిచోట చూసినదంతా వృత్తిధర్మమే అనుకుని వచ్చి ఉంటే ఏం నేర్చుకున్నట్టు? ఇవాళ ఆ సమస్య సోషల్ మీడియా రీళ్లలోకి వచ్చింది. సొమ్ము తీసుకున్న పోస్టుకు ప్రకటన అని స్పష్టంగా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ గుర్తు కనపడకుండా పెట్టమని క్లయింటు అడిగినప్పుడు ఏం చేయాలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేముందే తరగతిలో మాట్లాడుకోవాలి. కోర్సుకు డబ్బు పెట్టే సంస్థే పాఠమూ నిర్ణయిస్తే ఆ మాట వచ్చే సందర్భమే ఉండదు. సిలబస్ మీద, మార్కుల మీద చివరి నిర్ణయం కళాశాల చేతిలోనే ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

తెలుగు విద్యార్థుల గురించి ప్రత్యేకంగా ఒక మాట. చెన్నైలో తెలుగు వచ్చినవాళ్లకు పని ఉంది. దక్షిణాది నాలుగు భాషల్లో ఒకేసారి వెళ్లే ప్రకటనలు, డబ్బింగ్, ఓటీటీ సబ్‌టైటిళ్లు, యాప్‌ల తెలుగు రూపాలు, ఇవన్నీ ఇక్కడ జరుగుతున్నాయి. అయినా దాదాపు ఏ ప్రాక్టికల్ పేపర్‌లోనూ తెలుగు రాత ఒక నైపుణ్యంగా లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో ఇంట్లో అనర్గళంగా మాట్లాడుతూ, చదవడం రాయడం రానివాళ్లు ఎక్కువయ్యారు. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చక్కగా రాస్తారు గానీ కళాశాలలో ఇంగ్లీషు మాత్రమే లెక్కకు వస్తుందని మొదటి నెలలోనే గ్రహించి ఆ బలాన్ని దాచేస్తారు. యంత్రానువాదం వచ్చాక తెలుగు రాయడం దేనికని అడిగేవాళ్లున్నారు. భారతీయ భాషల కోసం అనువాద, వాక్ సాంకేతికత మీద పనిచేస్తున్న ఏఐ4భారత్ బృందం ఈ ఊళ్లోనే, ఐఐటీ మద్రాసులో ఉంది. ఇలాంటి వ్యవస్థలు మెరుగుపడాలంటే అవి రాసిన వాక్యం తెలుగులా ఉందో లేదో చెప్పగలిగిన మనుషులు కావాలి. ప్రకటనల ఏజెన్సీల్లోనూ ఇప్పుడు తొలి ప్రతి యంత్రానిది, దాన్ని సరిచేసే పని మనిషిది. ఎప్పుడూ దిద్దించుకోని విద్యార్థికి దిద్దడం ఎలా వస్తుంది?

అరవై మంది ఉన్న తరగతిలో ఇదంతా సాధ్యమా అని తోటి అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నాన్ ముదల్వన్ పథకం 2022లో మొదలైన తర్వాత తమిళనాడు ప్రభుత్వం పరిశ్రమ భాగస్వాములతో నైపుణ్య కోర్సులను లక్షలాది విద్యార్థుల దాకా తీసుకువెళ్లింది. ఆ విస్తృతికి దాని విలువ దానికుంది, కానీ విద్యార్థి రాసిన వాక్యం మీద అంత పెద్ద ఎత్తున ఎవరూ కూర్చోలేరు. నా జవాబు ఏమిటంటే, అభ్యాసాల సంఖ్య తగ్గించాలి. సెమిస్టరుకు పది అసైన్‌మెంట్లు ఇచ్చి ఒకసారి మార్కులు వేయడం కంటే, మూడే ఇచ్చి ఒక్కొక్కదాన్ని మూడుసార్లు తిరిగి రాయిస్తే అధ్యాపకుడి సమయం దాదాపు అంతే పడుతుంది. మార్కులు చివరి ప్రతికి కాక, మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య వచ్చిన మార్పుకు ఇవ్వాలి. సీనియర్లు జూనియర్ల ప్రతులను దిద్దే పద్ధతి పెట్టి, ఆ దిద్దుబాటుకూ మార్కులు ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్‌కు పంపేముందు ఆ సంస్థలో దిద్దే వ్యక్తి పేరు రాతపూర్వకంగా తీసుకోవాలి, పేరు ఇవ్వలేని సంస్థకు ఎంత పెద్దదైనా విద్యార్థిని పంపకూడదు. మా విభాగంలో వచ్చే సెమిస్టరు నుంచి ఈ చివరి నిబంధన అమలు చేయించడానికి ప్రయత్నిస్తున్నాను. ఒప్పందాలు పోతాయేమోనని కొందరు సందేహిస్తున్నారు. పోయేవి పోనివ్వండి అనే నేను చెబుతున్నాను.

ఈ జూన్‌లో పిల్లల్ని చేర్పించడానికి చెన్నై వచ్చే తల్లిదండ్రులు కళాశాలలో స్టూడియో చూపించినప్పుడు కెమెరాల ధర అడగకండి. నిరుడు ఇక్కడ చదివిన విద్యార్థి ఎవరిదైనా ఒక పని తీసి, మొదటి ప్రతి, దిద్దిన ప్రతి, ప్రచురించిన ప్రతి మూడూ చూపించమని అడగండి. ఇంటర్న్‌షిప్‌లో భృతి ఎంత, అప్రెంటిస్‌గా నమోదు చేస్తారా అని అడగండి. తెలుగులో రాసిన పనికి మార్కులు ఉంటాయా అని కూడా అడగండి.